బందెలదొడ్డి నుంచి వీధికుక్క దాకా: నగర చట్టాలు, స్త్రీలు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో ఆస్తి హక్కు గురించి, గృహహింస గురించి, పనిచోట వేధింపుల గురించి మాట్లాడుకుంటున్నాం. నన్నేమో నగరాల్లో పశువులు, పెంపుడు జంతువులు, వాటి మీద ఉన్న చట్టాలు అనే అంశం మీద మాట్లాడమన్నారు. అంశం చదవగానే వెనక వరసలో కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు అర్థమైంది. ఆడవాళ్ళ గోడు వినే దిక్కే లేదు, ఇక కుక్కల గోడూ గేదెల గోడూ వినాలా అని కదా!

ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ ఇళ్ళల్లో, మీరు పనిచేసే బస్తీల్లో గేదెకి కుడితి పెట్టేదెవరు? పేడ తీసేదెవరు? సాయంత్రం కోళ్ళని గంపకింద కమ్మేదెవరు? మిగిలిన అన్నం వీధికుక్కకి పెట్టేదెవరు? కుక్క కరిచిన పిల్లవాడిని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తేదెవరు? జవాబు మీ అందరికీ తెలుసు. ఇప్పుడు రెండో ప్రశ్న. గేదె అప్పు కాగితం మీద ఉన్న పేరెవరిది? మున్సిపాలిటీ నోటీసు ఎవరి పేరున వస్తుంది? అపార్ట్‌మెంటు సంఘం సమావేశంలో కూర్చుని తీర్మానాలు చేసేదెవరు? చాకిరీ ఒకరిది, పేరు ఇంకొకరిది. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు ప్రశ్నల మధ్యనే ఉంది.

మా అమ్మ గేదెలు

కోస్తాలో ఒక పట్టణం శివారులో మా ఇల్లు. నా చిన్నప్పుడు అది పంచాయతీ. అమ్మకి రెండు గేదెలుండేవి. పొద్దున్నా సాయంత్రం ఇళ్ళకి వాడిక పాలు పోసేది. మా చదువులు ఆ పాల మీదే నడిచాయి. కొన్నాళ్ళకి మా ఊరు పట్టణంలో కలిసింది. రోడ్డు వచ్చింది, వీధి దీపాలు వచ్చాయి, ఇంటి పన్ను పెరిగింది. గేదెలు మాత్రం ఎప్పటిలాగే మా చింతచెట్టు కిందే ఉన్నాయి. కానీ నిన్నటిదాకా బతుకుదెరువు అనిపించుకున్నది ఒక్కసారిగా ‘పబ్లిక్ న్యూసెన్స్’ అయిపోయింది.

ఒకరోజు అమ్మ పాలు పోయడానికి వెళ్ళినప్పుడు మనుషులొచ్చి, మేతకి వదిలిన రెండు గేదెల్నీ బందెలదొడ్డికి తోలుకుపోయారు. ముందుగా నోటీసు లేదు. అమ్మ వెళితే “ఓనరెవరు?” అన్నారు. నేనే అంది. కాగితం చూపించమన్నారు. కాగితమంటే బ్యాంకు అప్పు కాగితం. అది మా నాన్న పేరున ఉంది. ఆయన పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. “ఇంట్లో మగాళ్ళెవరూ లేరా? ఆయన్ని రమ్మను” అన్నారు. నాన్న వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ దొడ్డిలో పాలు పితికేవాళ్ళు లేరు. ఇంటి దగ్గర దూడ అరుస్తూనే ఉంది. ఈనిన గేదెకి పొదుగు గట్టిపడి వాచిపోయింది. ఒక చన్ను ఎండిపోయింది, మళ్ళీ ఆ చన్నులో పాలు రాలేదు. జరిమానా కాక మూడు రోజుల మేత ఖర్చు కూడా కట్టమన్నారు. అమ్మ చెవిదిద్దులు కుదువ పెట్టింది.

రోడ్డు మీద గేదెని వదలకూడదు, నిజమే. చీకట్లో స్కూటరు మీద వచ్చే మనిషి దాన్ని గుద్దుకుంటే ప్రాణం పోతుంది. ఆ మాట అమ్మ కూడా కాదనలేదు. కానీ అమ్మ మూడు ప్రశ్నలు అడిగింది. ముందు ఒక మాట చెప్పొచ్చు కదా? పొద్దున లేచి మేపేది నేనైతే ఓనరుని నేనెందుకు కాను? తప్పు నాదైతే నన్ను దండించండి, నోరులేని గేదెని పితక్కుండా ఎందుకు వదిలేశారు? ఆ రోజు వాటిని ఆడమనిషి ఏడుపుగా తీసిపారేశారు. నిజానికి ఆ మూడూ చట్టం అడగాల్సిన ప్రశ్నలే.

చట్టం ఎక్కడుంది?

నగరంలో జంతువుల పెంపకానికి ఒకే ఒక్క చట్టం అంటూ లేదు. దేశమంతటికీ వర్తించేవి కొన్ని: 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. వాటి కింద రాష్ట్ర శాసనసభ చేసిన పురపాలక చట్టాలు. హైదరాబాద్‌కి 1955 నాటి నగర పాలక సంస్థల చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక సంఘాలకి 1965 చట్టం, తెలంగాణలో 2019 చట్టం ఉన్నాయి. ఆ చట్టాల కింద స్థానిక సంస్థ తానే చేసుకునే ఉపనిబంధనలు మూడో అంచె. మన బతుకుల్ని సూటిగా తాకేవి ఈ ఉపనిబంధనలే. విచిత్రమేమిటంటే మామూలు మనిషి కంటపడనివీ అవే.

వీటి సారాంశం ఇది. పాల వ్యాపారానికి పశువుల్ని పెట్టుకుంటే అనుమతి తీసుకోవాలి. కొట్టం శుభ్రంగా ఉంచాలి, పేడ కాలవలోకి వదలకూడదు. పశువుల్నీ పందుల్నీ వీధుల్లోకి వదలకూడదు. పెంపుడు కుక్కని నమోదు చేయించి రేబిస్ టీకా వేయించాలి. చదవడానికి అన్నీ న్యాయంగానే ఉన్నాయి. మరి ఆ న్యాయం ఎవరికి అందుబాటులో ఉంది? అనుమతి కావాలంటే స్థలం కాగితం కావాలి. ప్రభుత్వ భూమిలో గుడిసె వేసుకున్న ఆవిడ స్థలం కాగితం ఎక్కణ్ణుంచి తెస్తుంది? కాగితం లేదు కాబట్టి అనుమతి లేదు. అనుమతి లేదు కాబట్టి ఎవరొచ్చి బెదిరించినా చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి.

2007లో 12 పురపాలక సంఘాల్ని, 8 గ్రామ పంచాయతీల్ని హైదరాబాద్‌లో కలిపి గ్రేటర్ నగరం చేశారు. అక్కడి బర్రెలు నగరానికి వలస రాలేదు. నగరమే వాటి దగ్గరకి వచ్చింది. దీపావళి తర్వాత సదర్ పండక్కి దున్నపోతుల్ని అలంకరించి ఊరేగిస్తే ఫొటోలు తీసుకునే నగరం, ఆ మర్నాడు అదే వీధిలో పేడ కనిపిస్తే ముక్కు మూసుకుంటుంది. పందుల పెంపకం మీద బతికే ఎరుకల కుటుంబాల మాట చెప్పనే అక్కర్లేదు. పందుల్ని పట్టుకుపోయిన రోజు ఆ ఇంటి ఆడది పోగొట్టుకునేది తన బ్యాంకు ఖాతాని. ఆపదకి అమ్ముకునే సొత్తు ఆమెకి అదొక్కటే.

మూడు ప్రశ్నలకి జవాబులు

ఇప్పుడు అమ్మ ప్రశ్నల దగ్గరకి వద్దాం.

మొదటిది నోటీసు. 1871లో బ్రిటిష్ వాళ్ళు పశువుల అతిక్రమణ చట్టం చేశారు. పాత మద్రాసు రాష్ట్ర ప్రాంతాల్లో బందెలదొడ్లు దాని కింద నడిచినవే. ఆ చట్టం ప్రకారం పట్టుకున్న పశువుల్ని రిజిస్టరులో రాయాలి. 7 రోజుల్లో ఎవరూ రాకపోతే నోటీసు పెట్టాలి, ఇంకో 7 రోజులు చూసి అప్పుడు వేలం వేయాలి. అన్యాయంగా పట్టుకున్నారనుకుంటే 10 రోజుల్లో మేజిస్ట్రేటుకి ఫిర్యాదు చేసుకోవచ్చు. పరాయి పాలకులు చేసిన చట్టమే ఇంత పద్ధతి పెట్టింది. ఈనాడు నగరాల్లో పశువుల్ని పట్టేది ఎక్కువగా పురపాలక చట్టం కింద. కాబట్టి మనం అడగాల్సిన మొదటి మాట: “ఏ చట్టం, ఏ సెక్షన్ కింద తీసుకుపోతున్నారు? రాసి ఇవ్వండి, రసీదు ఇవ్వండి.” ఈ మాట గట్టిగా అడిగితేనే సగం బెదిరింపులు ఆగిపోతాయి.

రెండోది పేరు. ఇది మన ఉద్యమం ప్రశ్న. డ్వాక్రా రోజుల నుంచి గేదెల కోసం ఆడవాళ్ళు అప్పులు తీసుకుంటూనే ఉన్నారు, కడుతూనే ఉన్నారు. కానీ సంతలో కొన్న రసీదు ఎవరి పేరున రాయించారు? ఇప్పుడు పశువులకి చెవికి 12 అంకెల ట్యాగు వేస్తున్నారు. ఆ నంబరు ఎదుట యజమాని పేరు నమోదవుతుంది. బీమాకి, నష్టపరిహారానికి చూసేది ఆ పేరే. వెళ్ళి కనుక్కోండి, అక్కడ ఎవరి పేరుందో.

ఇంకొక సంగతి. తాగుడికి డబ్బు కోసం మొగుడు ఆమె గేదెని సంతకి తోలుకుపోయి అమ్మేస్తాడు. పోలీస్ స్టేషన్‌కి వెళితే “మీ ఇంటి గొడవ” అంటారు. 2005 గృహహింస నిరోధక చట్టం చదవండి. ఆర్థిక హింస అనే మాటకిచ్చిన వివరణలో, భార్యకి హక్కున్న వస్తువుల్ని, ఆస్తుల్ని అమ్మేయడం కూడా ఉంది. 18వ సెక్షన్ కింద అలా అమ్మకుండా రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. 19వ సెక్షన్ కింద ఆమె స్త్రీధనం, ఆమెకి చెందాల్సిన ఇతర ఆస్తి తిరిగి ఇప్పించమని అడగొచ్చు. మనం దరఖాస్తుల్లో బంగారం రాస్తాం, గిన్నెలు రాస్తాం, బీరువా రాస్తాం. గేదెని, మేకని రాయడం మరిచిపోతాం. ఇక ముందు మరవొద్దు. అలాగే “ఇల్లు వదిలి వెళితే నీ కుక్కని చంపేస్తా” అని బెదిరించే మగవాళ్ళున్నారు. ఆ జంతువు మీద ప్రేమతోనే ఇల్లు వదల్లేని స్త్రీలూ ఉన్నారు. అది మానసిక హింస. దాన్ని కూడా దరఖాస్తులో రాయండి.

మూడోది నోరులేని గేదె మాట. 1960 చట్టం 3వ సెక్షన్ ప్రకారం, జంతువు ఎవరి సంరక్షణలో ఉంటే దాని బాగోగులు చూడడం వారి విధి. దొడ్డిలో ఉన్నంతకాలం ఆ బాధ్యత దొడ్డి నడిపేవాళ్ళదే. నీళ్ళు, మేత, పాలు పితకడం అన్నీ అందులోకే వస్తాయి. అయితే ఈ చట్టం 11వ సెక్షన్ కింద క్రూరత్వానికి మొదటిసారి శిక్ష ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా. 1960లో రాసిన అంకె అది. అందుకని శిక్ష మీద ఆశ పెట్టుకోకండి. ఆ సెక్షన్ చూపించి వెంటనే పశువుని విడిపించుకోవడమే మనకి ముఖ్యం.

కుక్క దగ్గర విడిపోయిన ఇద్దరు స్త్రీలు

ఇప్పుడు అందరికీ కోపం తెప్పించే విషయానికి వస్తున్నాను. వీధికుక్కలు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. తండ్రి వాచ్‌మన్‌గా పనిచేసే చోటికి వెంట వెళ్ళిన బిడ్డ. ఆ దృశ్యాలు టీవీలో చూసిన ఏ తల్లికీ ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధుల్లోకి వెళ్ళే పారిశుధ్య కార్మికురాలిని అడగండి, కుక్కల భయం అంటే ఏమిటో చెబుతుంది. బహిర్భూమికి చీకట్లో వెళ్ళాల్సి వచ్చే బస్తీ ఆడపిల్లని అడగండి.

ఇంకోవైపు, సాయంత్రం గిన్నెలో అన్నం కలిపి వీధికుక్కలకి పెట్టే ఆవిడ ఉంది. తరచుగా ఒంటరి మనిషి, విధవరాలు, పిల్లలు దూరదేశాల్లో ఉన్న తల్లి. ఆమె చుట్టూ గుంపు చేరి తిడతారు. గిన్నె తన్నేస్తారు. “మొగుడు లేడు కాబట్టి కుక్కల్ని మరిగింది” అన్న కూతని నా చెవులతో విన్నాను. ఆ మాటకీ కుక్కలకీ సంబంధం లేదు. కుక్కలు అక్కడ సాకు మాత్రమే, దాడి ఆ స్త్రీ మీద. ఆమెని అటకాయించి నిలబెడితే అది భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ కింద నేరం. స్త్రీత్వాన్ని కించపరిచే మాటకి 79, చెయ్యి వేస్తే 74. ఈ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి పాత నంబర్లు మరిచిపోయి ఇవి గుర్తుపెట్టుకోండి.

ఈ ఇద్దరు స్త్రీలనీ ఎదురెదురుగా నిలబెట్టి తమాషా చూస్తున్నది ఎవరు? 2001లోనే కేంద్రం కుక్కల సంతాన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. 2023 మార్చిలో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. కుక్కల్ని పట్టి, ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేసి, తిరిగి అదే చోట వదలాలి. ఈ పని చేయించాల్సింది స్థానిక సంస్థ. అన్నం పెట్టడానికి పిల్లలు ఆడుకునే చోట్లకి, మెట్లకి, రాకపోకల దారులకి దూరంగా ఒక స్థలం, ఒక వేళ ఏర్పాటు చేయాలని 20వ నిబంధన చెబుతోంది. ఇది జరిగి ఉంటే ఆ పిల్లవాడి తల్లికి కడుపుకోత ఉండేది కాదు, ఈ ముసలమ్మకి తిట్లు ఉండేవి కావు. చెత్త రోజుల తరబడి ఎత్తరు, మాంసం దుకాణాల వ్యర్థాలు వీధి మూలన పడి ఉంటాయి, ఆపరేషన్ల డబ్బు ఎటు పోయిందో లెక్క ఉండదు. మనం మాత్రం ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటాం!

సుప్రీంకోర్టు ఆదేశాలు కూడా చెబుతాను, ఎందుకంటే బస్తీలో ఎవరికి తోచింది వారు చెబుతున్నారు. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలో వీధికుక్కల్ని పట్టి షెల్టర్లలో పెట్టమన్నారు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయ్యాక అదే చోట వదలాలి, రేబిస్ ఉన్నవాటినీ మనుషుల మీద పడేవాటినీ వదలకూడదు, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకూడదు, ప్రతి వార్డులో అందుకు స్థలాలు చూపించాలి అంది. కేసుని అన్ని రాష్ట్రాలకీ విస్తరించింది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి కుక్కల్ని తొలగించి, తిరిగి అక్కడ వదలవద్దంది. ఇలా ఆదేశాలు మారుతూ వచ్చాయి. కాబట్టి మీరు ఒక వార్డులో పని మొదలుపెట్టే ముందు తాజా ఆదేశం ఏమిటో లాయరుని అడిగి వెళ్ళండి.

కుక్క కరిస్తే పసుపు, సున్నం, కారం పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా పోలేదు. అది ప్రమాదం. వెంటనే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. టీకా డోసులన్నీ పూర్తి చేయాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయించాలి. రెండో డోసుకి కూలి పోతుందని మానేసిన తల్లుల్ని చూశాను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. ఈ ఒక్క మాట చెప్పడానికైనా ఇల్లిల్లూ తిరగండి.

లిఫ్టులో కుక్క, మెట్ల మీద పనిమనిషి

అపార్ట్‌మెంట్ల సంగతి కాస్త చెప్పి ముగిస్తాను. పెంపుడు జంతువుల్ని ఉంచుకోవద్దని నివాసుల సంఘం ఎంత మెజారిటీతో తీర్మానించినా అది చెల్లదని, లిఫ్టుల్లో వాటిని ఆపకూడదని జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. ఒంటరిగా ఉండే స్త్రీకి, పెద్ద వయసు వాళ్ళకి ఆ కుక్కే తోడు. దాన్ని సాకుగా పెట్టుకుని ఇల్లు ఖాళీ చేయమనే వాళ్ళ మీద ఆ కాగితం పనికొస్తుంది.

కానీ ఎన్నో అపార్ట్‌మెంట్లలో ఆ కుక్కని తిప్పేది పనిమనిషి. కుక్క యజమానురాలితో ఉంటే పెద్ద లిఫ్టులో వెళుతుంది. పనిమనిషి ఒక్కతే అయితే సామాన్ల లిఫ్టు చూసుకోవాలి, లేకపోతే మెట్లెక్కాలి. కుక్కని లిఫ్టులో ఆపకూడదని రాసిన కాగితం ఉంది. ఆమెని ఆపకూడదని రాసిన కాగితం నాకు కనిపించలేదు. నేను కుక్క మీద కోపంతో ఈ మాట అనడం లేదు. ఆ కుక్క ఆమెని కరిస్తే మందుల ఖర్చు ఎవరిస్తారు? “నీకు చేతకాక కరిపించుకున్నావు” అంటారు. పెంపుడు జంతువు వల్ల మనుషులకి హాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద నేరం. 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. ఇంటిపనివారి సంఘాలు ఈ సెక్షన్‌ని తెలుసుకోవాలి. పనిలో చేరేటప్పుడే “కుక్కకి టీకా వేయించారా, కార్డు చూపించండి” అని అడగడం నేర్పాలి.

మనం చేయగలిగినవి

సంఘాల్లోని అక్కలు తమ పశువుల రసీదు, చెవి ట్యాగు, బీమా తమ పేరున ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే మార్పించుకోవాలి.

మీ మున్సిపాలిటీకి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో ఒక దరఖాస్తు పెట్టండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు. పశువుల పెంపకం మీద ఉపనిబంధనల నకలు, ఏడాదిలో ఎన్ని కుక్కలకి ఆపరేషన్ చేశారు, ఎంత డబ్బిచ్చారు, బందెలదొడ్డిలో పాడి పశువుల్ని చూసే మనిషి ఎవరు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘాల్లో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలకి స్థానాలిచ్చింది. అదే సవరణతో చేర్చిన 12వ షెడ్యూలులో, పురపాలక సంఘాలకి అప్పగించదగిన 18 అంశాల్లో 15వది ఏమిటో తెలుసా? బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. సీటూ మనకి వచ్చింది, దొడ్డీ అక్కడే ఉంది. మీ వార్డు కౌన్సిలరు స్త్రీ అయితే, ఆమె బదులు ఆమె భర్త మాట్లాడుతుంటే, ఆయన్ని పక్కన కూర్చోమని చెప్పి ఆమెనే అడగండి: ముందుగా తెలుగులో నోటీసు ఇవ్వకుండా పశువుని పట్టకూడదనీ, మేపే స్త్రీని యజమానిగా ఒప్పుకోవాలనీ, పాడి పశువుని పూటపూటా పితికించాలనీ తీర్మానం పెట్టమనండి.

అన్నిటికంటే ముఖ్యంగా, వీధిలో అన్నం పెట్టే ఆవిడనీ, కుక్క కరిచిన బిడ్డ తల్లినీ ఒకే చాప మీద కూర్చోబెట్టండి. మొదటి అరగంట అరుచుకుంటారు. అరుచుకోనివ్వండి. తర్వాత ఇద్దరినీ కలిపి మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్ళండి.

మా అమ్మ ఇప్పుడు గేదెల్ని పెట్టుకోవడం లేదు. కొట్టం ఉన్నచోట ఇంకో గది వేశాం. మొన్న నేను ఈ ప్రసంగం రాసుకుంటుంటే ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను. కాసేపు ఆలోచించి, “ఆ మూడు రోజులూ నన్ను లోపలికి రానిచ్చి పాలు పితుక్కోనిస్తే చాలు కదే, ఆ చన్ను పోయేది కాదు” అంది. ఇన్నేళ్ళైనా ఆమెకి గుర్తున్నది జరిమానా కాదు. మనం రాయించే ఏ ఉపనిబంధనైనా ఆ మాట మరవకుండా రాయించాలి.

సెలవు.